నూట ఇరవై కిలోల హామీ

తాత ఉద్యోగం కూర్చోవడం.

ఈ మాట ఎవరికి చెప్పినా ముందు నవ్వుతారు, తర్వాత కుళ్ళుకుంటారు. మనవలు బడిలో ఈ సంగతి చెప్పుకోలేక "ఫర్నిచరు పని" అని ఊరుకునేవాళ్ళు. లోకంలో అందరూ పొద్దంతా పనిచేసి, అలిసిపోయి, సాయంత్రం కూర్చుంటారు. తాత పొద్దంతా కూర్చుని, అలిసిపోయి, సాయంత్రం ఇంటికొచ్చి గుమ్మానికి ఆనుకుని నిలబడేవాడు. "కాస్త కూర్చోవయ్యా" అని నానమ్మ అంటే, "డ్యూటీ అయిపోయిందే, ఇంట్లో కూడా కూర్చోవాలా?" అని కసిరేవాడు.

ఆ షాపులో అమ్మేవి ఆరుబయట వేసుకునే కుర్చీలు, బల్లలు, ఉయ్యాలలు, పడక కుర్చీలు. మామూలువి కావు. మేడల మీద తోటలు పెంచేవాళ్ళూ, ఇంట్లోనే ఈతకొలను ఉన్నవాళ్ళూ కొనేవి. ఎండకి వంగవు, వానకి ఉబ్బవు, చెదలకి చిక్కవు. ముందువైపు అద్దాల గోడ. వెనక పెరట్లో ఉత్తుత్తి పచ్చగడ్డి పరిచి, దాని మీద కుర్చీలు పేర్చి, వచ్చినవాళ్ళకి సొంత తోటలో తిరుగుతున్నట్టు భ్రమ కలిగించేవాళ్ళు. ఆ షాపులో ఒక మాట మీద నిషేధం ఉండేది. ఎవరూ "తుప్పు" అనకూడదు. ఇనుప మేకు ఒక్కటి కూడా గుమ్మం దాటి లోపలికి రాకూడదు. తుప్పు అన్నందుకు ఒక డ్రైవరు పని పోగొట్టుకున్నాడని చెప్పుకునేవాళ్ళు. నిజమో కాదో, తాత మాత్రం ఇంట్లో కూడా ఆ మాట పలికేవాడు కాదు. గేటు గొళ్ళెం పట్టేస్తే "దానికి అదొచ్చిందే" అనేవాడు.

ఇరవై ఆరేళ్ళ కిందట తాత అక్కడ లారీలోంచి సామాను దించే పనికి చేరాడు. ఒకరోజు ఒకావిడ కుర్చీ కాళ్ళు చూసి, "ఇంత సన్నగా ఉన్నాయి, మా ఆయన్ని మోస్తాయా?" అని మూతి విరిచింది. అప్పటి ఓనరు, అంటే పెద్ద ఓనరు, చుట్టూ చూశాడు. చెమటలు కక్కుతూ, చొక్కా బొత్తాలు పొట్ట మీద పట్టక అవస్థ పడుతూ తాత కనిపించాడు. "ఒరేయ్, ఇలా వచ్చి కూర్చో" అన్నాడు. తాత కూర్చున్నాడు. కుర్చీ కిక్కురుమనలేదు. ఆవిడ ఆరు కుర్చీలు కొంది. అప్పటిదాకా బరువులు మోసిన మనిషి ఆ మర్నాటి నుంచి తనే బరువయ్యాడు.

అక్కడి పద్ధతి ఇలా ఉండేది. పొద్దున షాపు తియ్యగానే తాత గోడౌనులో కాటా ఎక్కాలి. ముల్లు ఎక్కడ ఆగితే ఆ అంకెని గుమ్మంలో ఉన్న నల్లబోర్డు మీద సుద్దతో రాసేవాళ్ళు. "ఈరోజు పరీక్ష బరువు: 120 కిలోలు." వచ్చినవాళ్ళు ముందు అది చదివి నవ్వేవాళ్ళు, తర్వాత తాతను చూసి నమ్మేవాళ్ళు. ఏ కుర్చీ నచ్చితే దాంట్లో తాత వాళ్ళ ఎదురుగా మూడు రకాలుగా కూర్చునేవాడు. మొదటిది మర్యాద కూర్చోవడం: కొత్తగా పరిచయమైనవాళ్ళింట్లో అంచు మీద ఆనినట్టు. రెండోది మామూలు కూర్చోవడం. మూడోది కోపం కూర్చోవడం: పెళ్ళాంతో గొడవపడి వచ్చి దబ్బున కూలబడినట్టు. ఈ మూడోది బాగా కుదరాలంటే నానమ్మను తలుచుకునేవాణ్ణని తాత చెప్పేవాడు. ఆ తర్వాత అటూ ఇటూ ఊగి, ఒక్క మాట అనేవాడు. "బాగుంది." ఆ మాట అనకుండా లేచాడంటే కుర్చీ తిరిగి వడ్రంగి దగ్గరికి పోయేది.

తాతకి చెవులు ఎక్కడున్నాయో రాస్తే బాగుండదు గానీ, అవి ముఖానికి రెండువైపులా మాత్రం లేవు. కూర్చోగానే కొయ్య లోపల ఏ కీలు వదులైందో, ఎక్కడ చేవకి బదులు పైచెక్క వాడారో, ఎక్కడ జిగురు సరిగ్గా ఆరలేదో ఒంటికి తెలిసిపోయేది. వడ్రంగి ఒప్పుకునేవాడు కాదు. విప్పి చూశాక నోరుమూసుకునేవాడు. ఇరవై ఆరేళ్ళలో తాత మాట ఒక్కసారి కూడా తప్పలేదు. మిగతా విషయాల్లో మాత్రం ఒక్కసారి కూడా నిజం కాలేదని నానమ్మ అంటుంది.

పెద్ద ఓనరు పోయాక కొడుకొచ్చాడు. అందరూ చిన్న ఓనరు అనేవాళ్ళు. ఎంత చేదు మాటైనా నవ్వుతూ అనడం అతని ప్రత్యేకత. అతను వచ్చిన ఏడాదే తాతకి షుగరు వచ్చింది. ఒళ్ళు కరగడం మొదలైంది. నూట ఇరవై నుంచి నూట పదిహేడుకి, అక్కడి నుంచి నూట పద్నాలుగుకి. ఒక పొద్దున చిన్న ఓనరు కాటా ముల్లు చూసి, తాత భుజం మీద చెయ్యేసి అన్నాడు.

"తాతా, మా నాన్న నిన్ను పెట్టుకుంది నీ అందం చూసి కాదు. బోర్డు మీద నూట ఇరవై ఉండాలి. లేకపోతే బోర్డుతో పాటు నిన్నూ దించేస్తా. ఏమనుకోకు, వ్యాపారం."

"పది రోజులు టైమివ్వు బాబూ, తిని చూపిస్తా."

"అదే మరి. అందరూ తగ్గాలని ఏడుస్తుంటే నీకు తినే ఉద్యోగం. అదృష్టవంతుడివి."

తింటే డాక్టరు ఊరుకోడు. తినకపోతే ఉద్యోగం ఉండదు. ఆ ఉద్యోగం పోతే తాత చెయ్యగలిగింది ఇంకేమీ లేదు. చదువు లేదు, చేతిపని లేదు, మోకాళ్ళు లేవు. నానమ్మ రెండు రోజులు ఆలోచించి, మూడో రోజు పాత దుప్పటి చింపి ఒక బనీను కుట్టింది. దానికి ముందూ వెనకా, నడుం చుట్టూ జేబులు. పాత సామాన్ల కొట్టుకి వెళ్ళి తలుపు బందులు, కిటికీ ఊచల ముక్కలు, అరిగిపోయిన తూకపు రాళ్ళు ఏరుకొచ్చింది. బరువుకి ఇనుము, లావుకి దూది.

"ఇనుమే? షాపు గుమ్మంలోకే రానివ్వరే దాన్ని!" తాత బెదిరిపోయాడు.

"నీ చొక్కా లోపల ఏముందో ఎవడు చూస్తాడు? చూడ్డానికి అంత ముచ్చటగా ఉన్నావా?"

"బయటపడితే?"

"పడితే పడుతుంది. ఇప్పుడైతే ఎలాగూ రోడ్డున పడ్డాంగా. తిరుగు, వెనక జేబు కుట్టాలి."

పది నెలలు గడిచాయి. తాత ఒంట్లోంచి ఎంత పోతే అంత ఇనుము జేబుల్లోకి చేరేది. కాటా ముల్లు నూట ఇరవై దగ్గర మేకు కొట్టినట్టు ఆగేది. సాయంత్రం బనీను విప్పితే ఒంటి మీద జేబుల అచ్చులు, పుండ్లు. నానమ్మ వాటికి నూనె రాస్తూ, "కొత్త పెళ్ళికొడుకులా ముద్రలేసుకొచ్చావు" అని ఏడిపించేది. అలా అంటూ ముఖం పక్కకి తిప్పుకునేది.

ఆ రోజు మధ్యాహ్నం ఒక జంట వచ్చింది. ఆయన నిండు మనిషి, తాత మంచి రోజుల్లో ఉన్నదానికన్నా ఇంకా ఎక్కువ. ఆవిడ సన్నగా, తన నాలుకలాగే పదునుగా ఉంది. కొత్తగా కట్టిన మేడ మీద తోట వేశారట. పై ఆదివారం అరవై మందిని పిలిచారట. షాపులో ఒకమ్మాయికి నవ్వడమే పని. ఆ పిల్లను నవ్వులమ్మాయి అనేవాళ్ళు. ఆ పిల్ల ఎదురెళ్ళి, "కూర్చోండి సార్" అని కుర్చీ చూపించింది. ఆయన కూర్చోలేదు. ఒక్క అడుగు వెనక్కి వేశాడు.

"ఆయన కూర్చోడమ్మా" అంది ఆవిడ. "మొన్న స్నేహితుడింట్లో కూర్చుంటే కుర్చీ నాలుగు ముక్కలైంది. లేపడానికి నలుగురు పట్టారు. అయిదోవాడు వీడియో తీశాడు. ఇప్పటికీ బంధువుల ఫోన్లలో తిరుగుతోంది."

"ఆపుతావా?" అన్నాడాయన ముఖం ఎర్రబడి.

"ఆపేదాన్నే. కుర్చీ ఆగితే."

ఆయన బోర్డు చదివాడు. తాతను కింద నుంచి పైదాకా చూశాడు. "నువ్వు కూర్చుని చూపించు పెద్దాయనా. ఆదివారం అందరి ఎదురుగా నేను కూర్చోవాలి. అంతే నాకు కావలసింది" అన్నాడు మెల్లగా. ఆ గొంతులో బతిమాలాట తాతకి తెలిసింది. లావుగా ఉన్నవాడి భయం లావుగా ఉన్నవాడికే తెలుస్తుంది.

ముందు అల్యూమినియం కుర్చీ. తాత మూడు రకాలుగానూ కూర్చున్నాడు. "గట్టిదే బాబూ. కాకపోతే మిట్టమధ్యాహ్నం చెయ్యి ఆనిస్తే చుర్రుమంటుంది." చిన్న ఓనరు నవ్వుతూనే తాత కాలు తొక్కాడు. తర్వాత తాడు అల్లిన కుర్చీ. "నాలుగేళ్ళు హాయిగా ఉంటుంది. ఆ తర్వాత నడిమి పొట్ట జారుతుంది."

"మా ఆయనకి ముందే జారింది. రెండూ జంటగా వేలాడతాయి" అంది ఆవిడ.

చివరికి టేకు సెట్టు దగ్గర ఆగారు. ఎనిమిది కుర్చీలు, మధ్యలో నల్లరాతి పలక బిగించిన బల్ల. ముదురు టేకు చేవ. ఎక్కడా మేకు లేదు, అంతా కొయ్య కీళ్ళే. చేతులు పెట్టుకునే చోట నిమిరితే చిన్నపిల్ల బుగ్గ తాకినట్టుంటుంది. పైన మల్లెపువ్వులాంటి తెల్లటి మెత్తలు. ఆ గుడ్డకి ఏ మరకా అంటదు. అదే ఆ షాపు గొప్ప. నవ్వులమ్మాయి మెత్త మీద కాఫీ ఒంపింది, సిరా చల్లింది, జగ్గుడు నీళ్ళు పోసి తుడిచేసింది. మెత్త తళతళలాడింది. ఆవిడ ముఖంలో మొదటిసారి మెచ్చుకోలు కనబడింది.

"ఇప్పుడు కూర్చో తాతా" అన్నాడు చిన్న ఓనరు.

మెత్త ఇంకా తడిగా ఉంది. తాత ఒక్క క్షణం తటపటాయించాడు. "ఆరనిద్దామా బాబూ?"

"వానలో తడిసేవే ఇవి. నువ్వేమైనా కరిగిపోతావా?"

తాత కూర్చున్నాడు. మర్యాదగా, మామూలుగా, కోపంగా. మూడోసారి నీళ్ళు చిమ్మాయి. కుర్చీ గుండ్రాయిలా ఉంది. "బాగుంది" అన్నాడు తాత, నిజంగానే సంతోషపడి. లేవబోతుంటే ఆవిడ చెయ్యెత్తింది. "కూర్చోనివ్వండి. మా ఆయన కూర్చుంటే రెండు గంటలు లేవరు. మేం బల్ల మీదికి తోట గొడుగులు చూసొస్తాం."

పెరట్లో ఎండ మాడిపోతోంది. కింద తడి, పైన చెమట, మధ్యలో ఇరవై రెండు కిలోల ఇనుము. వాళ్ళు గొడుగు రంగు తేల్చుకుని టీ తాగి వచ్చేసరికి అరగంట పట్టింది. అప్పుడు తాత లేచాడు.

తెల్లటి మెత్త మీద గోధుమరంగు మరక. అరచెయ్యంత ఒకటి, దాని కింద ఇంకొకటి, అక్కణ్ణించి అంచుదాకా కారిన చార.

ముందు ఆవిడ ముక్కు మూసుకుంది. "ఛీ!"

లారీ దగ్గరి మనుషులు ఇద్దరు తొంగిచూసి మూతులకి చేతులు అడ్డం పెట్టుకున్నారు. చిన్న ఓనరు నవ్వు మొదటిసారి మాయమైంది. వాళ్ళందరూ ఏమనుకుంటున్నారో తాతకి అర్థమైంది. అది అదేనని అనుకుంటున్నారు. కాదని చెప్పాలంటే ఇనుము సంగతి చెప్పాలి. అది చెబితే బోర్డు అబద్ధం, తను అబద్ధం, ఉద్యోగం లేదు. డెబ్భై ఏళ్ళ మనిషి పరువు ఒకవైపు, రోజూ పొద్దున్నే వెళ్ళడానికి ఒక చోటు ఒకవైపు. తాత తల దించుకున్నాడు.

"వయసైపోయిందమ్మా. తెలీకుండా అయిపోయింది."

"తెలీకుండానా? అరగంట దాంట్లోనే కూర్చున్నావు కదయ్యా!" అంది ఆవిడ.

వెనక ఎవడో ఆపుకోలేక పకాలుమన్నాడు. అంతే, లారీ దాకా నవ్వు పాకింది. తాత కూడా కొంచెం నవ్వాడు, కలిసిపోదామని. అది ఇంకా ఘోరంగా ఉంది.

అక్కడితో అయిపోయేదే. నవ్వులమ్మాయి ముక్కుకి గుడ్డ కట్టుకుని మెత్త తుడవడానికి వచ్చింది. తుడిచింది. మరక పోలేదు. నీళ్ళు పోసింది, సబ్బు పెట్టింది, బ్రష్షుతో రుద్దింది. మరక పెద్దదైంది, పోలేదు.

"ఏది పోసినా అంటదన్నారు?" ఆవిడ చేతులు కట్టుకుంది. "సిరా అంటలేదు, కాఫీ అంటలేదు. ముసలాయనది మాత్రం అంటుకుందా? మా ఇంటికి అరవై మంది వస్తున్నారండీ, పసిపిల్లలు వస్తున్నారు. పదండి, వేరే షాపు చూద్దాం."

చిన్న ఓనరు తాత వైపు తిరిగాడు. పళ్ళ మధ్య నుంచి, అందరికీ వినబడేలా అడిగాడు. "పొద్దున్న ఏం తిన్నావు నువ్వు?"

తాత మెత్త వైపు చూశాడు. తనని ఏమన్నా పడొచ్చు. ఆ గుడ్డని అనడం భరించలేకపోయాడు. ఆ గుడ్డ ఎంత మంచిదో తాతకి తెలుసు. తొమ్మిదేళ్ళుగా దాని మీద కూర్చుంటున్నాడు.

"గుడ్డది తప్పు లేదు బాబూ" అన్నాడు. "అది తుప్పు."

షాపులో ఆ మాట పడగానే నవ్వు ఆగిపోయింది. తాత చొక్కా బొత్తాలు ఒక్కొక్కటే విప్పాడు. బనీను ముడులు లాగాడు. అది గడ్డి మీద ధన్‌మని పడింది. తడిసి ఎర్రబడిన దూది పేగుల్లా బయటికొచ్చింది. అందరి ఎదురుగా తాత గాలి తీసేసిన బంతిలా నిలబడ్డాడు, ఒంటినిండా జేబుల అచ్చులతో. కాటా ఎక్కించారు. తొంభై ఎనిమిది.

నిండు మనిషి ముఖం నల్లబడింది. "అంటే నన్ను కింద పడేద్దామనా మీ ప్లాను? అరవై మంది ముందు?"

"అయ్యో, లేదండీ..." అని చిన్న ఓనరు అడ్డం పడ్డాడు. గొడుగుల కాళ్ళ మీద వెయ్యడానికి తెచ్చిన ఇసుక బస్తాలు మూల ఉన్నాయి. ఒక్కోటి ఇరవై కిలోలు. "ఎనిమిది బస్తాలేసి చూపిస్తాను. నూట యాభై దాటుతుంది. మీరే చూడండి."

"మనిషి లేకుండా బస్తాలేసి ఏం లాభం? బస్తా ఊగదు. మనిషి ఊగుతాడు. పక్కకి తిరుగుతాడు, నవ్వుతాడు. ఆయన్నే కూర్చోబెట్టి ఆయన మీద మూడు వెయ్యండి" అంది ఆవిడ.

చిన్న ఓనరు తాతను పక్కకి లాగాడు. "ఈ అమ్మకం నిలబెట్టు తాతా. నిలబెడితే జరిగిందంతా మర్చిపోతా. బోర్డు మీద ఎంతుంటే అంత రాసుకుందాం. నిన్ను ఉంచుకుంటా. చెడిందా, ఇక్కణ్ణించే ఇంటికి పో."

తాత కూర్చున్నాడు. ఒళ్ళో రెండు బస్తాలు పెట్టారు. మూడోది మెడ మీద అడ్డంగా వేశారు. ఇసుక కళ్ళలో పడింది. "ఊగు" అన్నారు. కుడివైపు ఊగాడు. కుర్చీ నిబ్బరంగా ఉంది. "గట్టిగా!" ఎడమవైపు ఊగాడు.

టిక్.

పుల్ల విరిచినంత చిన్న చప్పుడు. ఎడమవైపు, వెనక, అడుగున. ఇంకెవరికీ వినబడలేదు. తాతకి ఒళ్ళంతా వినబడింది. నడుం కింద నొప్పి చివ్వున పాకింది గానీ, నెత్తిన అంత బరువుంటే నొప్పి రాక ఏమొస్తుంది? ఆ చప్పుడుకే తాతకి భయమేసింది. లోపల కీలు చిట్లితే అలాగే అంటుంది. పైకి ఏమీ కనబడదు. నెలకో రెండు నెలలకో, నిండుగా ఉన్న మనిషి నవ్వుతూ పక్కకి తిరిగినప్పుడు, కాలు జారిపోతుంది.

"చూశారా, కిక్కురుమనలేదు!" అన్నాడు చిన్న ఓనరు. "ఏం తాతా, చెప్పు."

చెప్పాల్సింది ఒక్క మాట. ఉద్యోగమంతా ఆ మాటలోనే ఉంది. తాత బస్తాల సందులోంచి నిండు మనిషిని చూశాడు. ఆయన ఊపిరి బిగబట్టి, పిల్లాడు పరీక్ష ఫలితం కోసం చూసినట్టు తన నోటి వంక చూస్తున్నాడు. నలుగురు లేపడం, అయిదోవాడు ఫోను పట్టుకోవడం తాత కళ్ళకి కట్టింది.

"ఇది వద్దు బాబూ" అన్నాడు. "ఎడమవైపు వెనక కాలు దగ్గర కీలు చిట్లింది. నాకు తెలిసింది."

వడ్రంగిని పిలిచారు. కుర్చీ తిరగేశాడు, సుత్తితో తట్టాడు, కాళ్ళు పట్టి మెలితిప్పాడు, దీపం పెట్టి చూశాడు. "ఏమీ లేదు సార్. బండరాయి" అన్నాడు. పాత కక్షలన్నీ తీర్చుకున్నట్టు తాత వంక చూశాడు.

నిండు మనిషి పెద్దగా నవ్వాడు. భయం తీరినవాడి నవ్వు. "ఒళ్ళంతా ఇనుము కట్టుకొచ్చినవాడు టేకు గురించి చెబుతున్నాడు! ఎనిమిదీ ప్యాక్ చెయ్యండి." ఆవిడ మెత్తలు కొత్తవి వెయ్యమంది. అదే గుడ్డ, అదే తెలుపు. వెళ్ళేముందు తాత దగ్గర ఆగి, "ఇందాక నీ ఒంటికి పట్టు లేదన్నావు, ఇప్పుడు కుర్చీకి పట్టు లేదన్నావు. నీ నోటికే పట్టు లేనట్టుంది పెద్దాయనా" అంది. పైగా జాలిగా అంది.

లారీలో సెట్టు ఎక్కాక చిన్న ఓనరు నవ్వు తిరిగొచ్చింది. "చూశావా తాతా. మూడు ఇసుక బస్తాలు. వాటికి షుగరు రాదు, సొంత తెలివీ ఉండదు. రేపట్నించి నువ్వు రానక్కర్లేదు." గడ్డి మీది బనీను బూటుతో తోశాడు. "ఇది కూడా పట్టుకుపో. మా షాపులో ఇనుము ఉంచం."

తాత ఇరవై రెండు కిలోలు మూటగట్టి భుజానికెత్తుకున్నాడు. ఒంటి మీద ఉన్నప్పుడు లేని బరువు మూటలో తెలిసింది. బస్సులో ఎడమకాలు మీద నిలబడలేక కుడికాలి మీద వాలాడు. ఎవరో లేచి చోటిస్తే వద్దన్నాడు. ఇంటి మెట్టు ఎక్కుతూ కూలబడ్డాడు. నానమ్మ మూట చప్పుడు విని, "మెల్లగా దించలేవా, గచ్చు పగిలింది" అని అరుస్తూ వచ్చి, అక్కడ తాతను చూసి, మూట దాటి వచ్చి ఆయన చంకల కింద చేతులు పెట్టింది.

ఆసుపత్రిలో కుర్ర డాక్టరు ఎముక ఫోటోను వెలుతురుకి ఎత్తి చూశాడు.

"తుంటి దగ్గర చీలింది తాతా. షుగరుకి ఎముక గుల్లబారింది. దాని మీద ఏదో పెద్ద బరువు పడింది. అక్కడ చీలి, ఇంటికొచ్చాక పూర్తిగా విడిపోయినట్టుంది. ఎక్కడైనా చిన్న చప్పుడులాంటిది వినబడిందా?"

"ఎలాంటి చప్పుడు?"

"టిక్‌మని. పుల్ల విరిగినట్టు."

తాత చెయ్యి దుప్పటి కింద తుంటి మీదికి పోయింది. తర్వాత అడిగాడు. "ఎడమవైపేనా? వెనకేనా?"

"ఎడమవైపే. వెనకా ముందూ అంటే, మనిషికి వెనక కాళ్ళుండవు కదా తాతా!" డాక్టరు తన జోకుకి తనే నవ్వుకుని, ఆపరేషను చేసినా నడక అనుమానమేనని, కొన్ని నెలల దాకా లేచి కూర్చోవడం కూడా కుదరదని నానమ్మకి చెప్పి వెళ్ళిపోయాడు.

నానమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. తాత పైకప్పు వంక చూస్తున్నాడు. ముఖంలో బాధ ఉంది గానీ, ఆ బాధ తుంటిది కాదని నానమ్మకి అనుమానం వచ్చింది.

"ఏంటయ్యా, నొప్పిగా ఉందా?"

"కుర్చీ మంచిదేనే."

"ఏ కుర్చీ?"

"టేకుది. దాంట్లో ఏమీ లేదు. నా ఎముక విరిగితే దాని కీలు చిట్లిందన్నాను. అందరి ముందూ అన్నాను."

నానమ్మకి ఒళ్ళు మండిపోయింది. "నీ తుంటి ముక్కలైతే కుర్చీ బాగుందని సంబరమా? ఆ దిక్కుమాలిన కుర్చీ విరిగి, దాన్ని కొన్నవాడు పడి, వాడి తుంటి కూడా..."

"అలా అనకే. ఆయన దాంట్లో కూర్చున్నప్పుడల్లా నా మాట గుర్తొస్తుంది. పైకి నవ్వాడు గానీ లోపల భయపడతాడు. నాకు తెలుసు. అంచు మీద కూర్చుంటాడు, మర్యాదగా. అంత డబ్బుపోసి కొనుక్కుని, సొంత మేడ మీద మర్యాదగా కూర్చోవాలా మనిషి? ఇరవై ఆరేళ్ళలో ఒక్క కుర్చీకి లేని తప్పు అంటగట్టలేదు. దీనికి అంటగట్టాను. ఫోను ఇలా తే."

"ఎవరికి?"

"షాపుకి."

నానమ్మ ఇవ్వనంది. తాత చెయ్యి చాపి అలాగే ఉంచాడు. ఆ చెయ్యి దించేలా లేడని తెలిశాక నానమ్మ తనే నంబరు నొక్కి, తాత చెవి దగ్గర పట్టుకుంది. అటు చిన్న ఓనరు ఎత్తాడు. వెనక ఎవరికో కుర్చీ చూపిస్తున్న సందడి వినబడుతోంది.

"బాబూ, నేను. ఆ టేకు కుర్చీ బాగుంది. చప్పుడు దానిది కాదు, నాది. తుంటి విరిగింది. ఆ పెద్దమనిషికి కాస్త కబురు పెట్టు, నిశ్చింతగా కూర్చోమను."

"సరే సరే, అప్పుడే చెప్పానుగా బాగుందని" అన్నాడు చిన్న ఓనరు. "బేరంలో ఉన్నాను తాతా." ఫోను పెట్టేశాడు.

ఆ సంగతి నానమ్మకి తెలిసింది. ఫోను వెలుగు ఆరిపోవడం ఆవిడ చూసింది. తాత చూడలేదు. ఆవిడ చెయ్యి తియ్యకుండా అలాగే పట్టుకుని కూర్చుంది. తాత మెల్లగా, ఒక్కొక్క మాటా అవతల రాసుకుంటున్నారేమో అన్నంత నిదానంగా చెబుతున్నాడు.

"ఏడాదికోసారి నూనె రాయమను బాబూ, వానలు మొదలవకముందు. రాయకపోయినా ఏం కాదు, రంగు బూడిదగా మారుతుంది, అంతే, లోపల చేవ అలాగే ఉంటుంది. మెత్తలు రాత్రిళ్ళు లోపల పెట్టుకోమను. కాళ్ళ కింద నీళ్ళు నిలవనివ్వొద్దను. ఇంకా..."